పర్వీన్ దిద్దిన తప్పు

పర్వీన్ చేసే ఉద్యోగం ఏమిటో మైదుకూరులో వాళ్ల వీధిలో ఎవరికీ సరిగా తెలియదు. అడిగినవాళ్లకు వాళ్లమ్మ ‘కడపలో కంప్యూటర్ల కాడ’ అని చెప్పి మాట మారుస్తుంది. ఆమెకూ అంతకు మించి తెలియదు. పర్వీన్ విడమరిచి చెప్పాలని చూసిన రోజులూ ఉన్నాయి గానీ, ఆమె మొదలుపెట్టగానే వాళ్లమ్మకు పొయ్యి మీద పప్పు గుర్తొచ్చేది. అందులో ఆ తల్లి తప్పేమీ లేదు. ఇద్దరు మనుషులు ఒకే క్షణంలో ఒకే వస్తువు మీద చెయ్యి వేస్తే అది ఎవరికి దక్కాలి అన్నది పర్వీన్ పని. లోకం పుట్టినప్పటి నుంచీ తేలని తగువు అది. దాన్ని తేల్చడానికి జీతమిచ్చి ఒక పిల్లను పెట్టుకున్నారంటే ఎవరు నమ్ముతారు?

నమ్మినవాడు శివశంకర్ ఒక్కడే. కడపలో ఒక మేడ పైభాగంలో అతని సాఫ్ట్‌వేర్ కంపెనీ ఉంది. కంపెనీ అంటే నలుగురు మనుషులు, ఒక ఇన్వర్టరు, గోడకు వెంకటేశ్వరస్వామి పటం. పర్వీన్ చేరిన కొత్తలో వాళ్ల ప్రోగ్రాం ఒకటి ప్రొద్దుటూరులో ఒక కల్యాణమండపాన్ని ఒకే ముహూర్తానికి ఇద్దరికి ఇచ్చేసింది. మూఢం వదిలాక వచ్చే తొలి ముహూర్తం అది. బుకింగ్ మొదలయ్యే ఉదయం ఊరంతా ఫోన్లు పట్టుకుని కాచుకుని కూర్చుంది. పెళ్లినాడు గేటు దగ్గర రెండు మేళాలు ఎదురుపడ్డాయి. పెళ్లికొడుకులిద్దరూ కార్లు దిగకుండా బిర్రబిగుసుకుని కూర్చున్నారు. అందరూ కలిసి వాచ్‌మన్‌ను తిట్టారు. మన దగ్గర ఏం జరిగినా మొదటి తిట్టు గేటు దగ్గర నిలబడినవాడికే.

పర్వీన్ రెండు ఫోన్లు ముందు పెట్టుకుని ఆ తప్పును పట్టుకుంది. ప్రోగ్రాం ముందు ‘మండపం ఖాళీగా ఉందా’ అని చూస్తుంది, ఆ తర్వాత ‘ఫలానావారిది’ అని రాస్తుంది. చూడటానికీ రాయడానికీ నడుమ రెప్పపాటు సందు ఉంది. ఆ సందులో ఇంకొకరు వచ్చి చూస్తే వాళ్లకూ ఖాళీగానే కనబడుతుంది. ఇద్దరూ చూశారు, ఇద్దరూ నిజమే చూశారు, ఇద్దరూ రాసుకున్నారు. పర్వీన్ ఆ చోట తాళం పెట్టింది. మొదట వచ్చినవాళ్లు చూసి రాసి బయటికి వచ్చేదాకా రెండోవాళ్లు గుమ్మంలో ఆగాలి. ఆ తర్వాతే లోపలికి వచ్చి, మళ్లీ కొత్తగా చూడాలి. అంతే మందు. ఆనాటి నుంచి ఎక్కడ ఒక సీటు ఇద్దరికి పోయినా, ఒక టోకెన్ రెండుసార్లు పుట్టినా, శివశంకర్ కేక వేసేది పర్వీన్‌నే.

ఆమెకు శుభ్రం పిచ్చి ఉంది. ఏరిన బియ్యాన్ని మళ్లీ ఏరే రకం. డేటాబేస్‌లో ఎక్కడో మూల ఒక్క అబద్ధపు ఎంట్రీ ఉందని తెలిస్తే అన్నం సయించదు. మనుషుల సంగతి అలా ఉంచి, డేటా మాత్రం నిజం చెప్పాలన్నది ఆమె పట్టుదల. మంచి గుణమే. మంచి గుణాలు కొంప ముంచిన ఇళ్లు మన సీమలో తక్కువేమీ లేవు.

ఆమె తండ్రి మాబాషా గుండ్లమిట్ట పంపుహౌసులో మోటారు ఆపరేటరు. మూడు పల్లెలకు తాగే నీళ్లు అక్కడి నుంచే ఎక్కుతాయి. రెండో ఆపరేటరు ఓబుళేశుది గుండ్లమిట్టే. ఒకరోజు ఇతను, ఒకరోజు అతను. పర్వీన్‌కు ఊహ తెలిసేనాటికే ఓబుళేశు ‘మామ’, మాబాషాకు అతను ‘బావ’. సెలవుల బాధ వాళ్లకెప్పుడూ లేదు. రంజాన్‌కు ఓబుళేశు ఉంటాడు, శివరాత్రికి మాబాషా ఉంటాడు. పీర్ల పండక్కి మాత్రం ఓబుళేశుదే సెలవు. వాళ్ల ఇంటి మొక్కు, తాతల నాటి నుంచి పీరు ఎత్తేది వాళ్లే. ముస్లిం అయిన మాబాషా మోటారు దగ్గర కూర్చుంటే హిందువైన ఓబుళేశు పీరు మోసేవాడు. దీన్ని వింతగా చూసినవాడు ఆ చుట్టుపక్కల ఒక్కడూ లేడు.

ఇంతలో నీళ్ల పథకం ఒక కొత్త కాంట్రాక్టరు చేతికి పోయింది. హాజరూ సెలవులూ అన్నీ ఫోన్లోనే అన్నాడాయన. ఆ ప్రోగ్రాం రాసే పని శివశంకర్‌కు దొరికింది. పంపుహౌసులో ఎప్పుడూ కనీసం ఒక మనిషి ఉండాలి, ఇద్దరికీ ఒకే రోజు సెలవు ఇవ్వకూడదు. ఇదొక్కటే అసలు షరతు. ఆ రోజు వంతు ఎవరిదైనా ప్రోగ్రాం లెక్కలో ఇద్దరూ డ్యూటీలోనే ఉంటారు, రాలేనివాడు సెలవు పెట్టాల్సిందే. రేపటి సెలవును ఈ రోజు పొద్దున ఎనిమిదికి అడగాలి. జిల్లాలోని ఆపరేటర్లంతా ఎనిమిదయ్యేసరికి ఒక్కసారిగా ఫోన్ల మీద పడేవాళ్లు. పర్వీన్ వేసిన తాళాల వల్ల అందరూ వరుసలో ఆగాల్సి వచ్చేది, ఫోన్లో చక్రం తిరుగుతూ ఉండేది. కాంట్రాక్టరు మేనేజరు ప్రకాశం దానికి రోజూ ఫోన్ చేసి విసుక్కున్నాడు. తాళాలు తీసెయ్యమన్నాడు శివశంకర్. తీస్తే మండపం కథే మళ్లీ వస్తుందని పర్వీన్ వాదించింది.

“చూడమ్మా, ప్రతి పంపుహౌసులో ఒక హిందువు, ఒక ముస్లిం ఉండేటట్టు వేసినాం. ఒకరిది దీపావళి, ఒకరిది రంజాన్. ఇద్దరూ ఒకే దినం సెలవు యాడ అడుగుతారు? దేవుడే తాళం వేసిపెట్టినాడు. నువ్వు మళ్లీ ఇంకొకటి వేసేది దేనికి?” అన్నాడు శివశంకర్.

అతనేమీ పరాయి దేశం నుంచి ఊడిపడలేదు. పుట్టింది కడపలో. ఉగాదినాడు దేవుని కడప గుళ్లో బుర్కాల వరుస చూస్తూ పెరిగాడు, చిన్నప్పుడు తల్లి చంకనెక్కి పీర్లకు చక్కెర చదివించాడు. కానీ కుర్చీలో కూర్చుని పేర్ల జాబితా చూసేసరికి అవన్నీ మరిచిపోయాడు. ఇంకో పంపుహౌసులో శివభక్తుడు పక్కీరప్పను పేరు చూసి ముస్లింల లెక్కలో వేశాడు కూడా. అతనికి తోచలేదు సరే, మైదుకూరులో పుట్టిన పర్వీన్‌కైనా తోచాలి గదా. తోచలేదు. ఆమె తాళాల గురించి వాదించింది, పండగల గురించి వాదించలేదు. వాదనలో ఓడి తాళాలు తీసేసింది.

ఆ ఏడాది జూలై వచ్చినా వాన జాడ లేదు. బద్వేలు దగ్గర మాబాషా అత్తగారి ఊళ్లో పీర్ల చావిడిని చూసుకునే ముజావరుకు జబ్బు చేసింది. పండగరోజు ఫాతిహా చదవడానికి రమ్మని మాబాషాకు కబురొచ్చింది. ఓబుళేశు పీరు ఎత్తాల్సిన రోజే అది. అడగనా వద్దా అని మాబాషా తటపటాయించాడు. బావను నోటితో అడగడానికి మొహం చెల్లక, ఫోన్లో అడిగి చూద్దాం, రాకపోతే మానేద్దాం అనుకున్నాడు. ముందురోజు పొద్దున ఎనిమిదికి ఇంట్లో మంచం మీద కూర్చుని బొత్తాం నొక్కాడు. సరిగ్గా అప్పుడే పంపుహౌసులో ఓబుళేశూ నొక్కాడు. మాబాషా ఫోన్లో ‘సెలవు మంజూరు. డ్యూటీలో: ఓబుళేశు’ అని వచ్చింది. ఓబుళేశు ఫోన్లో ‘సెలవు మంజూరు. డ్యూటీలో: మాబాషా’ అని వచ్చింది.

మాబాషా ఆ అక్షరాలు చూసి కదిలిపోయాడు. తన సంగతి ఎలాగో విని, బావ ఈ ఏడు మొక్కు కూడా వదులుకుని తన కోసం నిలబడ్డాడనుకున్నాడు. బస్సులో భార్యతో అదే చెప్పాడు, కళ్లు తుడుచుకున్నాడు. అక్కడ ఓబుళేశు, ఎప్పటిలాగే బాషా ఉన్నాడు గదా అనుకుని, తెల్లారి డ్యూటీ దిగి, మోటారు నడుస్తుండగానే తలుపు దగ్గరికి వేసి స్నానానికి పోయాడు. బాషా మొదటి బస్సుకు రావడం, అతనొచ్చేలోపు మోటారు దానంతటది నడుస్తూ ఉండటం అక్కడ మామూలే. ఇద్దరూ ఆ రోజంతా ఒకరికొకరు మనసులో దండం పెట్టుకుంటూనే ఉన్నారు.

పీరు ఎదురైతే ఇంటింటా ఆడవాళ్లు మోసేవాడి పాదాల మీద బిందెడు నీళ్లు పోస్తారు. ఎండకు కాలిన నేల మీద వట్టి కాళ్లతో నడిచే మనిషికి ఆ నీళ్లే ఊపిరి. ఓబుళేశు పీరెత్తి మొదటి వీధి దాటేసరికి నీళ్లు తగ్గాయి. రెండో వీధిలో గంగక్క వాకిట్లో ఖాళీ బిందె పట్టుకుని నిలబడింది. పొద్దున్నుంచీ కుళాయి రాలేదప్పా, మీ బాషా నిద్రపోయినాడా ఏమి అంది. పీరును దించకూడదు. ఓబుళేశు ఆ కాలే నేల మీద పొడి పాదాలతో ఊరంతా తిరిగి, చావిడిలో పీరు దించాకే పంపుహౌసుకు పరుగెత్తాడు. సంపులో నీళ్లు అడుగంటి, ఉత్తుత్తిగా తిరిగి తిరిగి మోటారు కాలిపోయి ఉంది. గదంతా మాడు వాసన. లోపల మనిషి లేడు.

కొత్త మోటారు వచ్చేదాకా మూడు పల్లెలూ బిందెలు నెత్తినెత్తుకుని పొలాల బోర్ల చుట్టూ తిరిగాయి. తిట్లు ఇద్దరికీ సమానంగా అందాయి. వాటికంటే పెద్ద దెబ్బ వాళ్లిద్దరి మధ్య పడింది. కాలిన మోటారు ముందు నిలబడి ఓబుళేశు, ‘డ్యూటీ వదిలి పోయింది నువ్వు’ అన్నాడు. ‘నీ పేరే ఉండె గదా’ అన్నాడు మాబాషా. ఒకరి ఫోన్ ఒకరు చూసుకుంటే అప్పుడే తేలిపోయేది. కానీ ఫోన్ చూపించమనడం అంటే నీ మాట నమ్మను అనడమే. ఇన్నేళ్ల తర్వాత ఆ మాట ఎవరు ముందు అంటారు?

“నా కోసం నిలబడినావని అనుకుంటి గదా బావా,” అన్నాడు మాబాషా చివరికి. ఓబుళేశు అది ఎగతాళి అనుకుని ఉమ్మేసి పోయాడు.

విచారణకు పై అధికారి వస్తాడని, ఎవరు తప్పు చేశారో తేల్చి వాణ్ణి తీసేస్తారని ప్రకాశం ఇద్దరికీ కబురు పెట్టాడు. పర్వీన్ కడప ఆఫీసులో ఆ పాటికే రెండు ఫోన్లు ముందు పెట్టుకుంది. ఇద్దరి పేర్లతో ఒకేసారి సెలవు అడిగింది. కొన్నిసార్లు ఒకటే మంజూరైంది, ఒకసారి రెండూ అయ్యాయి. ఆ ఒక్కసారి చాలు. ఇద్దరూ అబద్ధం చెప్పలేదు. ఒకరు సెలవు అడిగిన సంగతి ఇంకొకరి లెక్కలోకి రాకముందే డేటాబేస్ ఇద్దరికీ పాత ఫోటో చూపించింది. ఆ ఫోటోలో ఇద్దరూ డ్యూటీలో ఉన్నారు. ఒకడు పోయినా ఇంకొకడుంటాడని చెప్పి ఇద్దర్నీ పంపించేసింది. పర్వీన్‌కు ఏడుపూ వచ్చింది, ప్రాణమూ లేచి వచ్చింది. తండ్రి ఉద్యోగం నిలబడుతుంది, మామ ఉద్యోగం నిలబడుతుంది, వాళ్లిద్దరూ మళ్లీ మాట్లాడుకుంటారు.

శివశంకర్‌కు చూపిస్తే అతను ఆ రెండు ఫోన్లూ తీసుకుని తానే నొక్కి చూశాడు. తర్వాత చాలా మెత్తగా మాట్లాడాడు. తప్పు మనదేనని అధికారికి తానే చెబుతానన్నాడు. ముందు దాన్ని సరిచెయ్యి, తప్పు దొరికింది, దిద్దేశాం అని చెప్పుకుంటే పరువు దక్కుతుంది, అప్పటిదాకా ఇంట్లో కూడా అనవద్దు అన్నాడు. పర్వీన్ నమ్మింది. విచారణలో అందరి ముందూ తేలిపోతే ఆ రుచే వేరని ఆమె కూడా ఆశపడింది.

తాళాలు మళ్లీ వేసింది. అంతటితో ఊరుకోలేదు. ఎవరు ఏ తాళం తీసినా తప్పు జరగకుండా, పంపుహౌసులో మనుషులు సున్నా కాకూడదని డేటాబేస్‌లోనే ఒక నిబంధన పెట్టబోయింది. డేటాబేస్ ఒప్పుకోలేదు. పాత ఎంట్రీల్లో ఒకచోట ఇప్పటికే సున్నా ఉంది, అది ఉండగా నిబంధన పెట్టలేను అంది. గుండ్లమిట్ట, పీర్ల పండగ రోజు. పాతవాటిని అలాగే వదిలి ఇక మీదటివాటికే నిబంధన పెట్టే దారి ఉంది. పర్వీన్‌కు ఆ దారి బాగా తెలుసు. కానీ సగం నిజమైన నిబంధన ఆమెకు నచ్చలేదు. శివశంకర్‌ను అడిగింది. తాళం సరిగ్గా ఉండుంటే వెనకొచ్చిన సెలవు రద్దయ్యేదే గదా, దాన్నిప్పుడు రద్దు చెయ్యి, డేటా శుభ్రంగా ఉంటుంది అన్నాడతను. ‘శుభ్రం’ అన్న మాట సరిగ్గా తగలాల్సిన చోట తగిలింది.

ఎవరిది వెనకొచ్చిందో చూసింది. రెప్పపాటు తేడాతో ఓబుళేశుది. నాయనదై ఉంటే బాగుండేది అని ఒక్క క్షణం అనిపించింది. ఇది ఎవరి మీదా నేరం కాదు, లెక్క సరిచెయ్యడమే అని మనసుకు చెప్పుకుని మార్చేసింది. ఈసారి నిబంధన కూర్చుంది. చెప్పడానికి సిగ్గుగా ఉంది గానీ, అప్పుడు పర్వీన్‌కు సంతోషం కలిగింది, పని నున్నగా వచ్చినప్పుడు కలిగే సంతోషం.

విచారణ కాంట్రాక్టరు ఆఫీసులో జరిగింది. బల్లకు అటు అధికారి, పక్కన ప్రకాశం, శివశంకర్. ఇటు గోడకు ఆనుకుని ఒక మూల మాబాషా, ఇంకో మూల ఓబుళేశు. శివశంకర్ లేచి రెండు ఫోన్లు అధికారి చేతికే ఇచ్చాడు. మీరే రెండింటిలో ఒకేసారి సెలవు అడగండి సార్ అన్నాడు. అధికారి నొక్కాడు. ఒకటి మంజూరైంది, ఇంకోటి రద్దయింది. మళ్లీ నొక్కాడు. మళ్లీ అంతే. ఇద్దరికీ సెలవు దొరకడం మా ప్రోగ్రాంలో కుదరదు సార్ అని చెప్పి శివశంకర్ కూర్చున్నాడు. తప్పు అనే మాటే అతని నోట రాలేదు. పర్వీన్ తలుపు దగ్గర నిలబడి అంతా చూస్తోంది. పిల్ల చేసిన మరమ్మతే అతనికి సాక్ష్యమైంది.

నాకు మంజూరైంది సార్, చూడండి అంటూ ఓబుళేశు ఫోన్ తీశాడు. ఆ తెర డేటాబేస్ ఏది చెబితే అదే చూపిస్తుంది. ‘సెలవు రద్దు’ అని ఉంది. అతను కళ్లు చిట్లించి చూశాడు. పైకి జరిపాడు, కిందికి జరిపాడు, ఫోన్ను పంచెకు తుడిచి మళ్లీ చూశాడు. ప్రకాశం మాబాషా ఫోన్ తీసుకుని చూపించాడు. ‘సెలవు మంజూరు’. మాబాషా ముఖం ఒక్కసారిగా తేటపడింది. ఇన్నాళ్లూ తనను దొంగను చేసిన మనిషే దొంగ అని అతను నిజంగా నమ్మాడు. తండ్రి ముఖంలో ఆ తేట చూసి పర్వీన్ తట్టుకోలేకపోయింది.

లోపలికి వచ్చేసి, ఇద్దరికీ మంజూరైన మాట నిజం సార్ అంది. చూడటానికీ రాయడానికీ నడుమ సందు సంగతి చెప్పింది, పాత ఫోటో సంగతి చెప్పింది. మాట తడబడింది. ఇంట్లో తల్లికే ఎన్నడూ అర్థమయ్యేలా చెప్పలేకపోయిన పిల్ల, అధికారికి ఏం చెప్పగలదు? ఆయనకు అందులో ఒక్క ముక్కే అర్థమైంది.

“మరి ఈయన సెలవును తర్వాత రద్దు చేసింది ఎవరు?”

“నేనే సార్.”

“ఈ మాబాషా నీకేమవుతాడు?”

పర్వీన్ శివశంకర్ వైపు చూసింది. అతను ఫోన్లో ఏదో చదువుకుంటున్నాడు.

“మా నాయన సార్,” అంది.

అధికారి కలం మూసేశాడు. పిల్ల మీద కేసు లేకుండా చూస్తానని శివశంకర్ పెద్దమనసుతో హామీ ఇచ్చాడు. ఓబుళేశును తీసేశారు. మాబాషాను ఉంచారు. సెలవు ఉన్న మనిషిని తీసెయ్యడానికి కారణమేమీ కనబడలేదు వాళ్లకు.

బయట వరండాలో మాబాషా బావ చెయ్యి పట్టుకోబోయాడు. తనకు ఏమీ తెలియదని చెప్పాలని నోరు తెరిచాడు. ఓబుళేశు చెయ్యి విదిలించలేదు, గొంతు పెంచలేదు.

“కూతుర్ని శానా బాగా చదివించుకున్నావు బాషా,” అని చెప్పులు వేసుకుని మెట్లు దిగిపోయాడు.

గుండ్లమిట్టలో ఓబుళేశు స్థానంలో ఇంతవరకూ ఎవర్నీ వెయ్యలేదు. ఒక మనిషితో జరుగుతున్నప్పుడు రెండో జీతం దేనికని కాంట్రాక్టరు ఊరుకున్నాడు. ఓబుళేశు బెంగళూరులో ఏదో అపార్టుమెంటుకు వాచ్‌మన్‌గా కుదిరాడు, భార్యాభర్తలు ఇల్లు మూసి పోతున్నారని గంగక్క వచ్చి చెప్పింది. వాళ్లు ఎక్కేది మైదుకూరు బస్టాండులో. ఊళ్లో తనను చూస్తే ఓబుళేశు తలుపు వేసుకుంటున్నాడు కాబట్టి, అక్కడైనా ఒక్కసారి ఎదురుపడి చెప్పుకోవాలని మాబాషా ముందురోజు ఎనిమిదికి సెలవు అడిగాడు. రద్దయింది. మళ్లీ అడిగాడు. పంపుహౌసులో కనీసం ఒకరు ఉండాలని ఫోన్ చెప్పింది. అతను కూతురికి ఫోన్ చేశాడు. వరండాలో ఆ మాట విన్న నాటి నుంచి అతను ఆమెతో మాట్లాడటం అదే మొదలు.

“అమ్మీ, నాకు ఒక్క దినం సెలవు వచ్చేటట్టు చెయ్యి,” అన్నాడు.

తాను పెట్టిన నిబంధన ఎంత గట్టిదో పర్వీన్‌కు తెలుసు. ఇంకొకసారి డేటాబేస్‌లో చెయ్యి పెట్టి తండ్రి కోసం ఏదైనా మారిస్తే దాన్ని ఏమంటారో కూడా తెలుసు.

“కుదరదు నాయనా,” అంది.

ఆ బస్సు వెళ్లేవేళకు మాబాషా గుండ్లమిట్టలో మోటారు దగ్గరే ఉన్నాడు.